కాల్చిన చేప: కింద నిప్పులా, పైన రాడ్డా?

ఏడాదికి రెండుసార్లు నాకీ ప్రశ్న తప్పదు. ఈస్టర్ దగ్గరపడితే చర్చికెళ్లే స్నేహితులు అడుగుతారు, జూన్‌లో మృగశిర కార్తె రాగానే మిగతావాళ్లు. పులుసు, వేపుడు సరే, చేపను కాల్చాలంటే బొగ్గులు మేలా, ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ ఒకటైన కరెంటు పొయ్యి) మేలా అని. పోయిన నెల ఓటీజీ కొన్నాను కాబట్టి రెండూ ఒకేరోజు చేసి చూశాను. రాంనగర్ మార్కెట్లో తెచ్చిన జిలేబి చేపలు, అంటే తిలాపియా, ఒక్కోటి అరకిలో లోపే.

ముందు 'బ్రాయిల్' అనే పదం సంగతి. అమెరికావాళ్లు 'బ్రాయిల్' అనేది పైనుంచి సెగ తగిలేలా కాల్చడం. ఇంగ్లండ్‌లో దాన్నే గ్రిల్ అంటారు. ఓటీజీలో చివరి 'జీ' అదే. కాబట్టి బ్రాయిల్ బటన్ కోసం వెతక్కండి, పైరాడ్డు ఒక్కటే వెలిగే గుర్తుకి తిప్పితే చాలు. బ్రాయిలర్ కోడికి ఆ పేరొచ్చింది కూడా ఇందుకే, అలా కాల్చుకోడానికి సరిపోయే లేత కోడి అని. మనం దాన్ని కూరలో ఉడకబెట్టి, పేరు కూడా 'బాయిలర్' చేసేశాం!

తెలుగులో 'కాల్చడం' అంటే సెగ ఎటునుంచో తెలీదు. లూకా సువార్త 24వ అధ్యాయంలో, తిరిగి లేచిన యేసుకి శిష్యులిచ్చింది తెలుగు బైబిల్లో 'కాల్చిన చేప ముక్క'. 1611 నాటి ఇంగ్లిష్ అనువాదంలో అది 'బ్రాయిల్డ్', పక్కన తేనెపట్టు కూడా ఉంటుంది. పాత రాతప్రతుల్లో ఆ తేనె కనబడదని తర్వాతి అనువాదాలు చాలావరకు తీసేశాయి. యోహాను 21లో మాత్రం సందేహమే లేదు: ఒడ్డున నిప్పులు, వాటి మీద చేప, రొట్టె. బైబిల్లో ఉన్నట్టే కావాలంటే కుంపటే. పైగా గలిలయ సముద్రంలో 'పేతురు చేప' అని పేరుపడ్డది మన జిలేబి చేపకి దాయాది.

నా మటుకు తేల్చేది ఒకటే: కారిన చుక్క ఎక్కడ పడుతుంది? కుంపటి మీద ఐదు నిమిషాలకి తోలు బిగిసి, గాట్లలోంచి పసుపురంగు నూనె నిప్పు మీద పడి చుయ్‌మంది. లేచిన పొగ మళ్లీ చేపకే పట్టింది. ఊళ్లో మా అమ్మ వంటయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద ఎండుచేప కాల్చి, బూడిద దులిపి, సద్దన్నం పక్కన పెట్టేది. అదే వాసన. మనవాళ్లకి కాల్చిన చేపంటే ముందు గుర్తొచ్చేది ఆ ఎండుచేపే కదా.

ఓటీజీలో అదే చుక్క ట్రేలోకి పోయింది. చేప మెత్తగా ఉడికింది, తిప్పే పనిలేదు, తోక విరగలేదు, కానీ ఆ వాసన రాలేదు. అంతకుముందు ఒకసారి జాలీ లేకుండా నేరుగా ట్రేలో పెడితే కారిన నీళ్లలో కిందివైపు పులుసుముక్కలా తయారైంది. జాలీ మీదే పెట్టండి, రాడ్డుకి నాలుగు అంగుళాల కింద, ముందు పది నిమిషాలు వేడిచేశాక. అల్లంవెల్లుల్లి మందంగా పూస్తే మాడి చేదొస్తుంది.

చేప పల్చగా ఉండాలి: జిలేబి, చందువ. రెండువేళ్ల మందం బొచ్చె ముక్క పెడితే పైన మాడుతుంది, ముల్లు దగ్గర పచ్చిగానే ఉంటుంది. కుంపటికైతే కొవ్వున్న కానాగంతలు ఇంకా రుచి. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేపే అయినా ఎక్కడ కాల్చినా ఎండిపోతుంది, పులుసుకి వదిలేయండి.

పెనం మీద చేస్తే అది వేపుడే. ఎయిర్ ఫ్రయ్యర్ అంటే ఫ్యానున్న చిన్న ఓవెన్.

అపార్ట్‌మెంట్‌లో పొగతో ఇబ్బందే, ఒప్పుకుంటాను. నేను టెర్రస్ మీద కుంపటి రాజేస్తే పై అంతస్తు ఆవిడ "ఏం కాలుతోందండీ?" అని పరుగున వచ్చారు. ఒక ముక్క తిని వెళ్లారు. తలుపులు మూసిన ఇంట్లో మాత్రం బొగ్గులు ముట్టించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, ప్రాణం తీస్తుంది. టెర్రస్ లేనివాళ్లు ఓటీజీతో సర్దుకోండి. నేను మృగశిరకి బొగ్గులు కొని పెట్టుకున్నాను, చేపలు ముందురోజే తెస్తాను. ఆ రోజు మార్కెట్లో కాలు పెట్టలేం.