వెతుక్కునే పెట్టెనా, పలకరించే మెసేజా: రోగికి ఏది మేలు?

బయాప్సీ రిపోర్టు వచ్చిన రాత్రి మా పెద్దమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ ఫోన్లో ‘ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా’ అని కొట్టింది. రొమ్ము క్యాన్సర్‌లో ఒక రకం అది. మొదటి పేజీలోనే అయిదేళ్లు బతికేవాళ్ల శాతాలు కనిపించాయి. ఏ శాతం ఏ స్టేజీదో చూడకుండానే ఫోన్ బోర్లా పెట్టేసింది. మర్నాడు డాక్టర్ “ఇంకేమైనా అడగాలా అమ్మా?” అంటే లేదని తలూపింది. బయటికొచ్చాక నాతో, “ఏం అడగాలో తెలిస్తే కదరా అడగడానికి” అంది.

రోగులకు కంప్యూటర్ ద్వారా సాయం అందించే పద్ధతుల్ని పోల్చాల్సి వస్తే నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. ఎంత సమాచారం ఉంది, యాప్ చూడ్డానికి ఎలా ఉంది అన్నవి తర్వాతి సంగతి. మొదటి ప్రశ్న ఎవరు అడగాలి, రోగా, అవతలి వైపా?

మామూలు సెర్చ్‌లో ఆ భారం పూర్తిగా రోగిదే. ఉచితం, అర్ధరాత్రి కూడా పలుకుతుంది, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1998లో మొదలుపెట్టిన మెడ్‌లైన్‌ప్లస్ లాంటి నమ్మదగిన చోట్లూ ఉన్నాయి. కానీ జబ్బు పేరు తెలియాలి, స్పెల్లింగు తెలియాలి, వచ్చిన పదింట్లో ఏది అమ్మకానికి రాసిందో, ఏది నిజమో పసిగట్టగలగాలి. చదువూ తీరికా ఉన్నవాళ్లకి ఇది బాగానే పనికొస్తుంది. వాళ్లకి ఇంకే దారి లేకపోయినా ఏదోలా తెలుసుకుంటారనుకోండి.

రెండోది, ఒక జబ్బు చుట్టూ అన్నీ ఒకేచోట అమర్చిపెట్టిన వ్యవస్థ. దీనికి పాత, మంచి ఉదాహరణ అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గస్టాఫ్సన్ బృందం 1980ల చివర్లో మొదలుపెట్టిన ‘చెస్’. చదరంగం కాదు, ఒక పొడుగాటి ఇంగ్లిషు పేరుకి పొడి అక్షరాలు. అందరి ఇళ్లలో కంప్యూటర్లు లేని రోజులవి, అందుకని వీళ్లే రోగి ఇంటికి కంప్యూటర్ పంపి కొన్నాళ్లు ఉంచేవాళ్లు. తెరిస్తే మామూలుగా అందరికీ వచ్చే సందేహాలూ వాటి జవాబులూ, అదే జబ్బు దాటిన వాళ్ల అనుభవాలు, నిపుణుల్ని అడగడానికో చోటు, తోటి రోగులతో మాట్లాడుకునే బృందం, ఏ చికిత్స ఎంచుకోవాలో తేల్చుకోవడానికి సాయం. ఏం అడగాలో తెలియని మనిషికి మిగతావాళ్లు అడిగినవి వరుసగా కనబడటమే సగం బలం.

2001లో వచ్చిన వీళ్ల అధ్యయనంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ అని తేలిన, 60 ఏళ్ల లోపు స్త్రీలు 246 మంది ఉన్నారు. కొందరికి చెస్, మిగతావాళ్లకి ఆ జబ్బు మీద ఒక మంచి పుస్తకం ఇచ్చారు. రెండు నెలలకల్లా చెస్ వాడినవాళ్లు కావలసింది వెతికి తెలుసుకోవడంలో, చికిత్స గురించి డాక్టర్లతో ధైర్యంగా మాట్లాడటంలో ముందున్నారు. ఎక్కువ లాభం పొందింది ఎవరంటే, చదువు తక్కువున్నవాళ్లు, బీమా లేనివాళ్లు, తెల్లజాతి కాని మైనారిటీల వాళ్లు. పేదవాళ్లకి కంప్యూటర్ ఇస్తే మూలన పడేస్తారని అనేవాళ్లకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

సెర్చ్‌తో నేరుగా పోటీ పెట్టి చూసిందీ వీళ్లే. 2008లో అచ్చయిన ఆ అధ్యయనంలో 257 మందిని మూడు జట్లు చేశారు: ఒక జట్టుకి చెస్, ఒక జట్టుకి కంప్యూటర్‌తో పాటు ఇంటర్నెట్, ఇంకొకళ్లకి మామూలు వైద్యం మాత్రమే. ఇంటర్నెట్ దొరికినవాళ్ల పరిస్థితి ఏమీ దొరకని వాళ్లకంటే మెరుగ్గా ఏం లేదు! అప్పటి ఇంటర్నెట్ వేరు, ఇప్పటిది వేరు, ఒప్పుకుంటాను. మనిషికి ఎదురయ్యే చిక్కు మాత్రం మా పెద్దమ్మకి ఎదురైనదే.

చెస్‌లో లోటు ఏమిటంటే, ఒక్కో జబ్బుకీ అంతా మళ్లీ కొత్తగా కట్టాలి, రాసిందాన్ని తాజాగా ఉంచాలి, జవాబులివ్వడానికి మనుషులుండాలి. పరిశోధన నిధులున్నంత కాలం నడిపించడం వేరు, ఆ తర్వాత వేరు. పైగా చదవడం రాకపోతే అదీ గోడే.

అందుకే మూడోదాని మీద నాకు మనసు లాగుతుంది. ఇందులో ఉన్నదల్లా ఒక్క ఎస్సెమ్మెస్. కెన్యాలో మూడు క్లినిక్‌లలో హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టిన 538 మంది మీద చేసిన ప్రయోగం 2010లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో వచ్చింది. సగం మందికి నర్సు వారానికోసారి ‘మాంబో?’ అని పంపేది. స్వాహిలీలో ‘ఏంటి సంగతులు?’ అన్నట్టు. బాగుంటే ‘సావా’, ఇబ్బంది ఉంటే ‘షిడా’ అని 48 గంటల్లో బదులివ్వాలి. షిడా అన్నా, బదులే రాకపోయినా నర్సు ఫోన్ చేసేది. ఈ జట్టులో 62 శాతం మంది మందులు సరిగ్గా వేసుకున్నామని చెప్పారు, మిగతా జట్టులో 50 శాతం. మాట మీద నమ్మకం లేకపోతే రక్తపరీక్ష చూడండి: వైరస్ అదుపులోకి వచ్చినవాళ్లు 57 శాతం, 48 శాతం.

ఆ మెసేజ్‌లో హెచ్‌ఐవీ అన్న మాటే లేదు, మందు అన్న మాటా లేదు. ఇంట్లో నలుగురు వాడే ఫోన్‌కి వచ్చినా ఎవరికీ ఏమీ తెలియదు. సెర్చ్ హిస్టరీకి ఆ మర్యాద లేదు.

మెసేజ్ అయితే చాలు, ఏదైనా పనిచేస్తుందనుకోవద్దు. కెన్యాలోనే 2011లో వచ్చిన మరో అధ్యయనంలో మందులు గుర్తుచేసే మెసేజ్‌లు వారానికోసారి పంపితే లాభం కనిపించింది, రోజూ పంపితే కనిపించలేదు. రోజూ మోగేదాన్ని ఎవరు పట్టించుకుంటారు, అలారం లాగా అలవాటైపోతుంది. చదవడం రానివాళ్ల కోసం గొంతుతో చెప్పే ఫోన్లు కూడా ఉన్నాయి. మన దేశంలోని ‘కిల్కారీ’లో గర్భిణులకీ బాలింతలకీ వారానికొకటి చొప్పున 72 కాల్స్. చదువు గోడ దాటించడానికి చక్కటి ఆలోచన. అయినా మధ్యప్రదేశ్‌లో పరీక్షించి చూస్తే తల్లిపాలు మాత్రమే పట్టే విషయంలో తేడా రాలేదు. అది చెప్పుకుంటూ పోతుంది, ‘మీరెలా ఉన్నారు?’ అని ఆగదు. కారణం అదేనని నిరూపించలేను, నా అనుమానం మాత్రం అదే.

ఇక ఇప్పుడందరూ అడిగేది ఏఐ చాట్ గురించి. రిపోర్టు ఫొటో పెట్టి “తెలుగులో చెప్పు” అంటే చెప్తుంది. స్పెల్లింగు అక్కర్లేదు, విసుక్కోదు, ఒకటే పదిసార్లు అడిగినా సిగ్గుపడనక్కర్లేదు. 2023లో ఒక అధ్యయనంలో జనం అడిగిన 195 ప్రశ్నలకి డాక్టర్ల జవాబులూ, చాట్‌జీపీటీ జవాబులూ పక్కపక్కన పెడితే, దాదాపు 79 శాతం సార్లు యంత్రం జవాబే మెచ్చారు. అయితే మెచ్చింది వైద్య నిపుణులు, రోగులు కాదు. మెచ్చిన జవాబు వల్ల ఎవరికైనా ఒంట్లో నయమైందా అన్నది ఆ అధ్యయనం చూడలేదు. తప్పు చెప్పినా అదే ధీమాతో చెప్తుంది, అదో టెన్షన్. అన్నిటికంటే, మనం తలుపు కొట్టేదాకా అది పలకదు. సెర్చ్ కంటే వెయ్యి రెట్లు నయమే, కానీ కూర్చున్నది అదే అరుగు మీద.

ఏది మేలంటే, కొత్తగా జబ్బు తేలి, ఏదో ఒక నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లకి చెస్ తరహాది. డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు రాసుకోవడానికి చాట్, జవాబుల కోసం కాదు. నెలల తరబడి మందులు మింగాల్సినవాళ్లకి, చదువూ డబ్బూ తక్కువున్నవాళ్లకి మాత్రం పలకరించే మెసేజ్, వెనక ఒక మనిషితో. చెస్‌నీ పలకరింపునీ కలిపినవీ ఉన్నాయి. చెస్‌నే ఫోన్లోకి తెచ్చి, మద్యం మాన్పించే కేంద్రాల నుంచి బయటికొచ్చిన 349 మంది మీద పరీక్షించారు. మనిషి ఇదివరకు తాగిన చోటు దగ్గరికి వెళ్తుంటే ఆ ఫోనే ముందు పలకరిస్తుంది. 2014 నాటి ఆ ఫలితాల్లో, గడిచిన 30 రోజుల్లో మితిమీరి తాగిన రోజులు ఫోన్ ఉన్నవాళ్లకి సగటున 1.39, లేనివాళ్లకి 2.75. మీ ఊరికో ఆసుపత్రికో ఇలాంటిది తెస్తామని ఎవరైనా వస్తే, ‘బాగోలేదు’ అని కొడితే అది ఎవరి ఫోన్లో మోగుతుందో ముందు అడగండి.

పెద్దమ్మకి రెండో కీమో అయిన తొమ్మిదో రోజు వార్డు నర్సు ఫోన్ చేసింది, ఎలా ఉన్నారని. “బాగానే ఉన్నానమ్మా, కాస్త ఒళ్లు వెచ్చబడింది, పడుకుంటే పోతుంది” అంది పెద్దమ్మ. నర్సు థర్మామీటర్ పెట్టించింది. 101. కీమో తర్వాత తెల్లకణాలు పడిపోయే రోజుల్లో 100.4 దాటితే ఆగకూడదట. మేం సంచీ సర్దుకుంటుంటే పెద్దమ్మ, “జ్వరానిక్కూడా ఆసుపత్రేనా?” అని గొణుగుతూనే చెప్పులేసుకుంది.