వాదోష్ జాబితా: కొనేముందు, తెరిచాక

వార్సాలోని పిలెత్స్కి ఇన్‌స్టిట్యూట్ 2019లో తెచ్చిన ఈ పుస్తకాన్ని యుద్ధకాలంలో స్విట్జర్లాండ్‌లోని పోలండ్ దౌత్య కార్యాలయాన్ని నడిపిన అలెగ్జాండర్ వాదోష్ జీవితచరిత్ర అనుకుని తెప్పించుకుంటే నిరాశ తప్పదు. ఇది పేర్ల పట్టిక. రెండో ప్రపంచ యుద్ధంలో, స్విట్జర్లాండ్ రాజధాని బెర్న్‌లోని ఆ కార్యాలయమూ యూదు సంస్థలూ కలిసి లాటిన్ అమెరికా దేశాల పాస్‌పోర్టులు సమకూర్చిన 3,200 పైచిలుకు యూదులు ఇందులో ఉన్నారు. సంపాదకుడు యాకుబ్ కుమోఖ్ అప్పట్లో స్విట్జర్లాండ్‌లో పోలండ్ రాయబారి. పోలిష్ రానివాళ్లకు ఇంగ్లిష్ ప్రతి ఉంది, అది చాలు.

పట్టిక అర్థం కావాలంటే పాస్‌పోర్టు ఎలా తయారయ్యేదో ముందు తెలియాలి. పరాగ్వే గౌరవ కాన్సుల్ రుడాల్ఫ్ హ్యూగ్లి బెర్న్‌లో నోటరీ. అతని దగ్గర ఖాళీ పాస్‌పోర్టులు కొనేవారు. ఒక్కోదానికి 500 నుంచి 2,000 స్విస్ ఫ్రాంకులు. పేర్లు, పుట్టిన తేదీలు, ఫొటోలు ఘెట్టోల నుంచి, అంటే నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన పేటల నుంచి, దొంగచాటుగా వచ్చేవి. వాటిని యూదు సంస్థల తరఫున హయీమ్ ఐస్, అబ్రహాం జిల్బర్‌షైన్ కూడగట్టేవారు. పోలండ్ వైస్ కాన్సుల్ కాన్‌స్టాంటి రోకిత్స్కి ఖాళీలను స్వయంగా చేత్తో నింపేవాడు. తర్వాత హ్యూగ్లి సంతకం, ముద్ర. చాలాసార్లు అసలు ప్రతి స్విట్జర్లాండ్‌లోనే ఉండిపోయి, ధ్రువీకరించిన నకలు మాత్రమే ఘెట్టోకు వెళ్లేది. ఒకే పాస్‌పోర్టులో మొత్తం కుటుంబం ఉండొచ్చు. కాబట్టి ఇక్కడి పేర్ల సంఖ్యను పాస్‌పోర్టుల సంఖ్యగా లెక్కపెట్టకండి.

ఆ కాగితం ప్రయాణానికి కాదు. పరాయి దేశపౌరుడంటే, ఆ దేశాల్లో చిక్కుకున్న జర్మన్లతో మారకానికి పనికొస్తాడని నాజీలు లెక్కవేశారు. అందుకే కొందరిని మరణ శిబిరానికి కాకుండా ఫ్రాన్స్‌లోని విత్తెల్ నిర్బంధ శిబిరానికో, బెర్గెన్-బెల్సెన్‌కో పంపారు. మొత్తం పథకానికి ప్రాణం ఆ లెక్కలోనే ఉంది, బలహీనతా అక్కడే ఉంది. సదరు దేశం ‘వీళ్లు మావాళ్లు కాదు’ అన్నా, జవాబు ఆలస్యం చేసినా కాగితం చిత్తుకాగితమే. విత్తెల్‌లో పాస్‌పోర్టులు లాక్కున్నాక 1944 ఏప్రిల్, మే నెలల్లో రెండు విడతలుగా మనుషుల్ని పారిస్ దగ్గరి ద్రాన్సీ శిబిరం మీదుగా ఆష్విట్జ్ మరణ శిబిరానికి తరలించారు. కవి ఇట్జ్‌హాక్ కట్సెనెల్సన్ చేతిలో హోండురాస్ పాస్‌పోర్టు ఉండి కూడా ప్రాణం దక్కలేదు. ఇంకెందరికో నకలు చేరేసరికే వాళ్ల ఘెట్టో ఖాళీ అయిపోయింది.

ఎవరు బతికారు, ఎవరు చనిపోయారు, ఎవరి సంగతి తేలలేదు అన్నది పేరు పేరునా చెప్పడమే ఈ పుస్తకం గొప్పతనం. ‘వేలమందిని కాపాడారు’ అని రాసి చేతులు దులుపుకోవడం తేలిక. దక్కని ప్రాణాలనూ అదే పట్టికలో పెట్టడానికి నిజాయితీ కావాలి.

వాదోష్ ఉద్యోగ జీవితం కోసం మాత్రం వేరే చోట వెతుక్కోవాలి. 1891లో ల్వూఫ్‌లో పుట్టాడు. పోలండ్, సోవియట్ల మధ్య యుద్ధాన్ని ముగించిన రిగా శాంతి చర్చల్లో పోలండ్ ప్రతినిధి బృందానికి కార్యదర్శి. 1923 నుంచి 1926 వరకు లాత్వియాలో రాయబారి, ఆ తర్వాత మ్యూనిక్‌లో కాన్సుల్ జనరల్. 1930ల్లో దౌత్య శాఖకు దూరమై పత్రికల్లో రాశాడు. 1939లో పోలండ్ ప్రవాస ప్రభుత్వంలో మంత్రి, 1940 నుంచి 1945 వరకు బెర్న్ దౌత్య కార్యాలయానికి అధిపతి. ఈ క్రమం తెలిస్తేనే అతను చేసిన అసలు పని కనబడుతుంది. పాస్‌పోర్టుల మీద పేర్లు రాసింది రోకిత్స్కి. 1943లో స్విస్ పోలీసులు కూపీ లాగి జిల్బర్‌షైన్‌ను అరెస్టు చేసినప్పుడు స్విస్ విదేశాంగ మంత్రి పిలె-గోలాజ్ దగ్గరికి నేరుగా వెళ్లి అడ్డుపడింది వాదోష్. మంత్రి పదవి చేసి వచ్చినవాడికే ఆ తలుపు అంత సులువుగా తెరుచుకుంటుంది. 2019లో ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వషేమ్, యూదుల్ని కాపాడిన యూదేతరులకిచ్చే ధర్మాత్ముడి గుర్తింపును రోకిత్స్కికి మాత్రమే ఇచ్చి, వాదోష్‌కూ అతని సహాయకుడు రినియేవిచ్‌కూ కృతజ్ఞతలతో సరిపెట్టింది. పై అధికారి గొడుగు పట్టకపోతే కింది అధికారి కలం ఎన్నాళ్లు నడిచేదన్న ప్రశ్న వేసుకోకుండా ఆ తీర్పును ఒప్పుకోవడం కష్టం.

పట్టికలో పేరు వెతికేటప్పుడు ఎక్కువమంది తడబడేది వర్ణక్రమం దగ్గర. ఒకే ఇంటిపేరు పోలిష్‌లో, జర్మన్‌లో, డచ్‌లో వేర్వేరు అక్షరాలతో ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఇంటిపేరున్న తెలుగువాళ్లకు ఈ చిక్కు కొత్త కాదు. ఊళ్లదీ అంతే: పోలండ్‌లోని బెంజిన్‌ను జర్మన్లు బెండ్స్‌బుర్గ్ అన్నారు, సొస్నోవియెత్స్‌ను సొస్నోవిట్జ్ అన్నారు. పేరు దొరక్కపోతే పుట్టిన తేదీ, ఊరు పట్టుకుని వెతకండి. తేదీ ఒకటి రెండు రోజులు తేడా వచ్చినా వదిలేయకండి, చేతులు మారి వచ్చిన వివరాల్లో పొరపాట్లు సహజం. అసలే కనబడకపోతే పాస్‌పోర్టు రాలేదని తేల్చేయకండి. పరిశోధకుల అంచనా ప్రకారం ఇలాంటి పత్రాలు 8,000 నుంచి 10,000 మంది పేరిట వెళ్లాయి, ఇక్కడ పేరుతో సహా తేలింది అందులో మూడో వంతు చిల్లర మాత్రమే.