విశాఖ నుంచి భీమిలికి ఒక పూట: ప్యాకేజీ యాత్రపై సమీక్ష

విశాఖపట్నం నుంచి సముద్రాన్ని కుడిచేతి పక్కన ఉంచుకుని ఉత్తరంగా సాగే బీచ్ రోడ్డు, సుమారు 30 కిలోమీటర్ల ప్రయాణం తరువాత, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసే భీమునిపట్నానికి, అంటే భీమిలికి, చేరుతుంది. ఈ దారిని ఒక పూటలో చూపిస్తామని చెప్పే ప్యాకేజీ యాత్రలు నగరంలో చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదానిలో నేను వెళ్లి వచ్చాను. వచ్చిన తరువాత మనసు ఒప్పక, రెండు వారాలకు సిటీ బస్సులో మళ్లీ అదే దారిన ఒంటరిగా వెళ్లాను. ఈ సమీక్ష ఆ రెండు ప్రయాణాల తేడా గురించి.

ముందుగా, ప్రయాణ సౌకర్యం విషయంలో ఫిర్యాదు చేయవలసింది ఏమీ లేదు. చెప్పిన వేళకే బస్సు బయలుదేరింది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి, మలుపుల్లో డ్రైవరు నిదానంగా నడిపాడు. లోపమంతా కాలాన్ని పంచిన తీరులో ఉంది. కైలాసగిరి మీద, ఋషికొండ తీరంలో, ఆ పక్కన భోజనాల దగ్గర గంటలకు గంటలు గడిచిపోయాయి. యాత్రకు పేరుగా పెట్టుకున్న భీమిలికి మిగిలింది నలభై నిమిషాలు మాత్రమే.

తొట్లకొండ దగ్గర మాత్రం గైడు పనితనం మెచ్చుకోదగినది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉన్న ఈ బౌద్ధ క్షేత్రం నౌకాదళం స్థావరం కోసం జరిపిన ఆకాశ సర్వేలో బయటపడిందనీ, రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు ఇక్కడ తవ్వకాలు జరిపిందనీ, వాననీటిని పట్టి ఉంచేందుకు రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఈ పేరు వచ్చిందనీ అతను ఓపికగా వివరించాడు. స్తూపం, విహారాల గదులు, భోజనశాల పునాదులు చూస్తూ నడిచేటప్పుడు, భిక్షువులు వానాకాలమంతా ఒక్కచోట ఉండవలసిన నియమానికి ఈ కొండ ఎంత అనువైనదో అర్థమవుతుంది. పైన నీరు నిలుస్తుంది, కింద సముద్ర వ్యాపారుల రాకపోకలు ఉంటాయి. కానీ ఇంత చెప్పిన మనిషి, సమీపంలోనే ఉన్న మరో బౌద్ధ క్షేత్రం బావికొండ పేరు ఎత్తలేదు. అక్కడి తవ్వకాల్లో దొరికిన ధాతుపాత్ర (పవిత్ర అవశేషాలు దాచిన పాత్ర) గురించి ఒక్క మాట చెప్పి ఉంటే తొట్లకొండ ఒంటరి కట్టడం కాదని యాత్రికులకు తెలిసేది. భీమిలిని ఆనుకుని ఉన్న పావురాలకొండ కూడా ఆ వరుసలోనిదే, అక్కడా రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. దాన్ని బస్సు కిటికీలోంచి వేలితో చూపించి ఊరుకున్నారు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ చోటును సినిమా షూటింగుల స్థలంగా పరిచయం చేసి, ఫొటోలకు పది నిమిషాలు ఇచ్చారు. సముద్రమట్టం తగ్గిన కాలంలో బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పేర్చగా, వేల ఏళ్లలో ఆ రేణువుల మీద ఇనుప ఆక్సైడు పూతలా పట్టి ఎర్రబడగా, వానలు దాన్ని కోసి వాగులుగా, గోడలుగా మలిచిన చోటు ఇది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చోటు దక్కింది. గోడలు రాయిలా కనిపించినా చేతితో నలిపితే రాలిపోతాయి. అలాంటి అంచుల మీదికి పిల్లలు ఎక్కి దూకుతుంటే ఆపవలసిన నిర్వాహకులు వాళ్లకు ఫొటోలు తీస్తూ ఉండిపోయారు.

భీమిలిలో దిగగానే గైడు బకాసురుణ్ణి చంపిన భీముడి కథ చెప్పి, ఊరి పేరు అలా వచ్చిందన్నాడు. స్థలపురాణం చెప్పడం తప్పు కాదు. కానీ ఊరు ఊరైన కథ వేరే ఉంది. 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, మన పెద్దలు ఒలందావారని పిలిచిన డచ్చి వర్తకులు బట్టల కోసం, బియ్యం కోసం ఇక్కడ స్థిరపడ్డారు. బందరులో వలందపాలెం పేరు విన్నవారికి ఆ మాట కొత్త కాదు. యూరపులో యుద్ధం వచ్చినప్పుడల్లా ఈ ఊరు ఇంగ్లీషువారి చేతికి పోయి, సంధి కుదిరాక తిరిగి డచ్చివారికి వచ్చేది. చివరకు 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825లో శాశ్వతంగా ఇంగ్లీషువారి పరమైంది. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. ఇప్పుడు ఈ ఊరు మహా విశాఖ నగర పాలక సంస్థలో భాగం.

ఇంగ్లీషువారి కాలంలో ఈ రేవు నుంచి ఎగుమతి అయిన సరుకుల్లో గోగునార ఒకటి. ప్రపంచ వ్యాపారంలో దానికి 'బిమ్లిపటం జూట్' అనే పేరు స్థిరపడింది. మనం గోంగూరగా వండుకునే గోగు జాతి మొక్కకే ఈ ఊరి పేరు పట్టిందని బస్సులో ఎవరికైనా చెప్పి ఉంటే, ఆ రోజు భోజనంలో వేసిన గోంగూర పచ్చడికైనా కొంత గౌరవం దక్కేది. ఓడలు లోతు నీటిలో లంగరు వేసి నిలిస్తే, సరుకును పడవల్లో చేరవేసేవారు. మద్రాసు, కలకత్తాలను కలిపిన రైలు మార్గం విజయనగరం మీదుగా వెళ్లి భీమిలిని పక్కన పెట్టింది; 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమయ్యాక మిగిలిన వ్యాపారమూ అటే తరలింది. ఆ నష్టం వల్లనే కావచ్చు, పాత వీధులు, చర్చి, గడియార స్తంభం, దీపస్తంభం నడిచి చూడదగినంత దగ్గరదగ్గరగా నేటికీ మిగిలి ఉన్నాయి.

ఇవేవీ నలభై నిమిషాల్లో చూడలేము. రెండవసారి 900కె బస్సులో తెల్లవారుజామునే బయలుదేరి వెళ్లినప్పుడు డచ్చివారి శ్మశానవాటికలో ఒక్కచోటే గంట గడిచింది. రాళ్ల మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయినా, ఏటవాలు ఎండలో వేలితో తడిమితే కొన్ని పేర్లు, సంవత్సరాలు చదవగలిగాను. మిట్టమధ్యాహ్నం వెలుగులో ఆ రాళ్లన్నీ నున్నగానే కనిపిస్తాయి. ప్యాకేజీలో వెళ్లిన రోజు నాకు అలాగే కనిపించాయి. సమాధుల నుంచి ఒడ్డుకు నడిస్తే పడవలు తిరిగి వచ్చే వేళ, చేపల బేరాలు, ఆరబెట్టిన వలలు కనిపిస్తాయి. ఇక్కడ స్నానానికి దిగడం మంచిది కాదు, అలల లాగుడు బలంగా ఉంటుంది.

వృద్ధులతో, చిన్నపిల్లలతో తొలిసారి విశాఖ చూడవచ్చినవారికి ఈ ప్యాకేజీ సౌకర్యంగానే ఉంటుంది; తొట్లకొండ కోసమైనా డబ్బు దండగ అనలేను. భీమిలి కోసమే అయితే మాత్రం దీన్ని నేను సిఫారసు చేయను. తొలి బస్సుకే వెళ్లి, ఎండ ముదరక ముందే సమాధులు, దీపస్తంభం, నదీముఖం చూసుకుని, తిరుగు దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగడం మేలు. దిబ్బల్లో నీడ దొరకదు కాబట్టి నీళ్లసీసా, టోపీ వెంట ఉండాలి. తొట్లకొండను అదే రోజు కలుపుకోవాలంటే కొండ పైదాకా వెళ్లేందుకు ఆటో మాట్లాడుకోవాలి, ఎందుకంటే సిటీ బస్సు బీచ్ రోడ్డు మీదనే దించేస్తుంది.