ముందు పంపును చూడండి: పాత జెట్ స్కీతో నా అనుభవం

జెట్ స్కీ వేగం తగ్గగానే అందరి చూపూ ఇంజను మీదకే పోతుంది. ప్లగ్గులు మార్చేస్తారు, ఇంజెక్టర్లు శుభ్రం చేయిస్తారు, చివరికి ఇంజను విప్పించడానికి కూడా సిద్ధపడతారు. ఏళ్ళ తరబడి ఒకే బండిని నడిపి, దాని పంపును నా చేతులతో విప్పి బిగించిన మనిషిగా గట్టిగా చెబుతున్నాను. ముందు చూడవలసింది నీటిని వెనక్కి చిమ్మి బండిని ముందుకు నెట్టే, వెనక ఉన్న పంపును.

నాది మూడు సీట్ల బండి. ఒకటిన్నర లీటర్ల, మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను, 155 హార్స్‌పవర్, సూపర్‌ఛార్జర్ లేని రకం. వాడినదే కొన్నాను. డాలస్‌కు ఉత్తరాన ఉన్న లూయిస్‌విల్ సరస్సులోనే ఎక్కువగా తిరుగుతుంది. వేసవి శనివారాల్లో ఆ రేవు దగ్గర తెలుగు మాటలు బాగానే వినిపిస్తాయి, మనవాళ్ళలో ఈ బండ్లు కొన్నవారు చాలామందే ఉన్నారు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం రాస్తున్నాను.

ఇంజను మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. వేళకు ఆయిల్, ఫిల్టరు మారిస్తే చాలు, అడిగినప్పుడల్లా పలుకుతుంది. ముగ్గురం కూర్చున్నా బండి ఒరిగిపోదు. పెట్రోలు మాత్రం బాగా తాగుతుంది; పూర్తి వేగంలో గంటకు పది గ్యాలన్లు దాటిపోతుంది. సీటు కింద చోటు మరీ తక్కువ. ఇవన్నీ సర్దుకుపోగలిగినవే. ఓపికను పరీక్షించేది పంపు ఒక్కటే.

ఈ బండిలో నీరు అడుగున ఉన్న జాలీ గుండా లోపలికి వస్తుంది. ఇంపెల్లర్ అనే తిరిగే రెక్కల చక్రం దాన్ని వెనక్కి నెడుతుంది, స్టేటర్ అనే కదలని భాగంలోని రెక్కలు సుడిని సరిచేస్తాయి, నాజిల్ సన్నని ధారగా చిమ్ముతుంది. ఈ దారిలో ఎక్కడ గాలి చొరబడినా, ఎక్కడ నీరు వెనక్కి జారినా ఇంజను బలం వృథా అవుతుంది. అందుకే వేగం ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే ఆర్‌పీఎం కూడా పక్కన పెట్టుకుని చూడాలి. బండి ఆరోగ్యంగా ఉన్న రోజే, నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు, ఒక్కరే ఎక్కి, పూర్తి థ్రాటిల్‌లో రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. వేగం ఫోనులోని జీపీఎస్‌తో కొలవడం మేలు. నా బండికి ఆ అంకెలు 7,300 ఆర్‌పీఎం, గంటకు 53 మైళ్ళు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సమస్యకూ దారి చూపించింది ఆ చీటీయే.

ఆర్‌పీఎం మామూలుగా ఉండి, లేదా ఇంకా పైకి పోయి, వేగం పడిపోతే తప్పు పంపు వైపు ఉంది. రెండూ కలిసి పడిపోతే అప్పుడు ఇంజను వైపు వెళ్ళండి. ఒకసారి మా బావమరిది బండి తీసుకెళ్ళి తిరిగొచ్చి, "బావా, ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదు" అన్నాడు. రోగం పేరు అందులోనే ఉంది. నేను నడిపి చూస్తే, నిలిచిన చోట థ్రాటిల్ నొక్కగానే ఆర్‌పీఎం గబుక్కున ఎగిరింది, ఒక క్షణం నీటిలో పట్టు లేనట్టు జారి, ఆ తర్వాత బండి ముందుకు దూకింది. ఇద్దరం ఎక్కితే ఆ జారుడు ఇంకా ఎక్కువైంది. పూర్తి థ్రాటిల్‌లో 46 మైళ్ళు కూడా కష్టంగా వచ్చింది. ఒక వర్క్‌షాపులో పంపు వైపు కన్నెత్తి చూడకుండానే ఇంజను తెరవాలన్నారు. సిలిండర్లు గాలిని ఎంత గట్టిగా నొక్కుతున్నాయో తెలిపే కంప్రెషన్ కొలవమని అడిగాను. మూడు సిలిండర్లూ దాదాపు సమానంగా, కావలసినంత చూపించాయి. బండి ఇంటికి తెచ్చుకున్నాను.

తాళంగా వాడే తాడు తీసి, బ్యాటరీ తీగ కూడా విప్పిన తర్వాతే పంపులో చెయ్యి పెట్టాలి. ఈ మాటలో సడలింపు లేదు. ట్రైలరు మీద ఉండగానే కింద పడుకుని, జాలీలోంచి టార్చి వేశాను. ఇంపెల్లర్ చుట్టూ వేర్ రింగ్ ఉంటుంది. నా బండిలో అది ప్లాస్టిక్కు, అరిగినప్పుడు మార్చుకునేలా చేసినది. కొన్ని బండ్లలో దాని స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు పొర ఉంటుంది. రింగు మీద గోరు పెట్టి గీస్తే గాడిలో ఆగింది. చుట్టూ అలాంటి గాళ్ళే, ఇసుక చేసిన పని. ఇంపెల్లర్ రెక్క కొనకూ రింగుకూ మధ్య ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నని రేకుల కట్ట) పెడితే 0.6 మిల్లీమీటర్ల రేకు సులువుగా దూరింది. కొత్త రింగులో ఆ సందు వెంట్రుకవాసి మాత్రమే ఉంటుంది. సందు పెరిగితే రెక్క ముందుకు నెట్టిన నీరు కొనల మీదుగా వెనక్కి జారిపోతుంది. గేజ్‌ను ఒక్క రెక్క దగ్గర కాదు, అన్ని రెక్కల దగ్గరా పెట్టి చూడాలి. ఎంతవరకు ఉండవచ్చో మీ మోడలు మాన్యువల్‌లో ఇచ్చిన అంకెనే నమ్మండి.

రింగు ఖరీదు వంద డాలర్ల చుట్టుపక్కల. శ్రమంతా పాతది ఊడదీయడంలోనే. హాక్సా రేకుతో అడ్డంగా కోసి లోపలికి ముడవాలి, కానీ వెనక ఉన్న అల్యూమినియానికి గీత పడకూడదు. కొత్తదాన్ని ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచితే కొద్దిగా ముడుచుకుని తేలిగ్గా దిగుతుంది. ఇంపెల్లర్ విప్పడానికి దానికంటూ ఒక పనిముట్టు ఉంది, అది లేకుండా ఆ జోలికి పోకండి. రెక్కల ముందు అంచులు కూడా అప్పుడే చూసుకోవాలి. గులకరాయి తగిలి అంచు వంగితే కొత్త రింగు వేసినా జారుడు పూర్తిగా పోదు. నా ఇంపెల్లర్ అంచులు సరిచేయించి, రింగు వేసి, మళ్ళీ నీటిలో దించితే ఆ 53 మైళ్ళు తిరిగి వచ్చాయి.

రింగు బాగుండి కూడా బండి జారితే కార్బన్ సీల్ చూడాలి. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు పడవ అడుగును దాటే చోట, కార్బన్ రింగూ స్టీలు రింగూ ఒకదానికొకటి ఒరుసుకుంటూ నీటిని ఆపుతాయి. ఇది చెడితే కనిపించే గుర్తు విచిత్రంగా ఉంటుంది. బండి నిలిచి ఉన్నప్పుడు నీరు లోపలికి ఊరుతుంది. పరుగెత్తేటప్పుడు షాఫ్టు దగ్గర ఒత్తిడి తగ్గి, పడవలోని గాలి పంపులోకి లాగబడుతుంది. అంటే ఒకే చిల్లు పడవను బరువెక్కిస్తుంది, పంపు పట్టునూ తీసేస్తుంది. సీల్ చుట్టూ నల్లని పొడి కనిపించినా, అడుగున తరచూ నీరు చేరుతున్నా నా అనుమానం ముందు దాని మీదకే పోతుంది. పంపు పడవకు కలిసే చోట సీలెంటు ఊడినా ఇలాగే గాలి దూరుతుంది.

నాచు, తాడు సంగతి త్వరగా తేలిపోతుంది. నిన్న బాగున్న బండి ఈరోజు ఉన్నట్టుండి వణికితే ఏదో చిక్కుకున్నట్టే. పిల్లలను ట్యూబు మీద లాగే తాడు షాఫ్టుకు చుట్టుకుంటే కత్తితో కోసి తీయక తప్పదు. స్టేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న చిన్న రాయి కూడా బండంతా ఊపేస్తుంది. ఒడ్డున పక్కకు ఒరిగించవలసి వస్తే మాన్యువల్ చెప్పిన వైపుకే ఒరిగించండి, లేకపోతే ఎగ్జాస్టులోని నీరు ఇంజనులోకి పోతుంది.

ఇక ఆర్‌పీఎం కూడా పడిపోయిన సందర్భాలు. చలికాలమంతా ట్యాంకులో నిలిచిన పెట్రోలు, మసి పట్టిన ప్లగ్గులు, వేడెక్కి తనను తాను కాపాడుకునే స్థితిలోకి వెళ్ళిన ఇంజను, ఇవే ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవారి కోసం ఇచ్చే తక్కువ వేగం తాళం పెట్టి, బండి పోయిందనుకున్నవారిని రేవులో చూశాను, కాబట్టి ముందు తాళం చూసుకోండి.

లూయిస్‌విల్ సరస్సు సాధారణ నీటి మట్టం సముద్ర మట్టానికి 522 అడుగుల ఎత్తు. అంతకంటే బాగా తగ్గిన రోజుల్లో ఒడ్డు దగ్గర ఇంజను వేయను, మూడు అడుగుల లోతు వచ్చేదాకా నెట్టుకుంటూ వెళతాను. ఈ ఒక్క అలవాటుతో రెండో రింగు మొదటిదానికంటే చాలా ఎక్కువ కాలం నిలిచింది. బయటికి వచ్చాక అడుగు బిరడాలు విప్పి నీరంతా వదిలేస్తాను. జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పాకకుండా టెక్సస్ చట్టం ఎలాగూ అది చేయమంటుంది. ఆ బిరడాల నుంచి ఎంతసేపు నీరు కారిందన్నది నాకు కార్బన్ సీల్ గురించి కూడా చెబుతుంది.

ఇదే బండిని మళ్ళీ కొంటారా అంటే కొంటాను. వాడినది కొనే మిత్రులకు మాత్రం ఒక మాట. సీటు ఎత్తి ఇంజను మెరుపు చూసి మురిసిపోకండి. టార్చి, ఫీలర్ గేజ్ వెంట తీసుకెళ్ళి, కింద పడుకుని జాలీలోంచి చూడండి. ఆ తర్వాత నీటి మీద నడిపి చూడనివ్వమని అడగండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర, ధర ఎంత తగ్గించినా కొనకండి.