మోకాళ్ల నొప్పులున్న అమ్మతో జొన్నవాడకు

ఒంగోలు నుంచి నెల్లూరు దగ్గరున్న జొన్నవాడ కామాక్షమ్మ దర్శనానికి పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు దూరం గురించి బెంగపడక్కర్లేదు. బస్సు మెట్ల గురించే ముందు ఆలోచించుకోవాలి.

నెల్లూరు దాకా సుమారు 120 కిలోమీటర్లు, హైవే మీద హాయిగా సాగింది. ఎక్స్‌ప్రెస్‌లో అమ్మ ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టిచ్చాడు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం పల్లెవెలుగుకూ ఎక్స్‌ప్రెస్‌కూ ఉంది, సూపర్ లగ్జరీకి లేదు. అమ్మ ఆ చీటీని మడిచి పర్సులో దాచుకుంది.

నెల్లూరులో మెయిన్ బస్టాండ్ వేరు, ఆత్మకూరు బస్టాండ్ వేరు. ఏ ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కున్నాకే ఆటో ఎక్కండి.

జొన్నవాడ బస్సు మొదటి మెట్టు అమ్మ మోకాలెత్తుకు వచ్చింది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని కాలు పెట్టింది గానీ ఒళ్లు పైకి లేవలేదు. కింద నుంచి నేను ఆసరా ఇస్తే, పైనుంచి ఎవరో కుర్రాడు చెయ్యందించాడు. ఆమె కూర్చున్నాకే కండక్టర్ 'రైట్' అన్నాడు. ఆయనకు దణ్ణం పెట్టాలి.

ఇదే అమ్మ అహ్మదాబాద్‌లో ఎవరి సాయమూ లేకుండా బస్సెక్కింది. మన దగ్గర్నుంచి అక్కడికి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ రైలు నేరుగా ఉంది. 2009లో మొదలైన అక్కడి బీఆర్‌టీఎస్‌ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్) లో బస్సులకు రోడ్డు మధ్యన వేరే దారి ఉంటుంది. స్టేషన్లూ ఆ మధ్యలోనే. టికెట్ స్టేషన్ లోపలే ఇస్తారు. ప్లాట్‌ఫారమూ బస్సు నేలా ఒకే ఎత్తు కాబట్టి, తలుపు తెరుచుకోగానే గడప దాటినట్టు లోపలికి అడుగేయడమే. అయితే రోడ్డు దాటి ఆ స్టేషన్ చేరడానికి మాత్రం ప్రాణం అరచేతిలో పెట్టుకున్నాం. నెల్లూరుకు ప్రత్యేక దారులు వేయమని నేననను. గుడి దారిలో మెట్లు లేని లోఫ్లోర్ బస్సు ఒకటి తిప్పినా చాలా మంది ముసలివాళ్లు సంతోషంగా వెళ్లొస్తారు.

పెన్నా ఒడ్డున గుడి ప్రశాంతంగా ఉంది. మొక్కుకున్నవాళ్లు రాత్రి అక్కడే నిద్ర చేస్తారు. వైశాఖంలో బ్రహ్మోత్సవాల రద్దీ ఎక్కువ, పెద్దవాళ్లతో అప్పుడు వద్దు.

మేం బస నెల్లూరులో చేశాం. బస్టాండ్ పక్క లాడ్జిలో లిఫ్ట్ పాడైంది, గది చూస్తే రెండో అంతస్తు. కాస్త దూరంగా ఇంకోచోట కింది గది దొరికింది. అద్దె ఎక్కువే అయినా బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఉంది. ఫోన్ చేసినప్పుడే ఈ రెండూ అడగండి. తిరుగు ప్రయాణంలో జొన్నవాడ నుంచి ఆటో మాట్లాడుకున్నాం. అమ్మ తనంతట తనే ఎక్కి కూర్చుంది.