దత్తతా, చదువుకు సాయమా?

అనంతపురంలో పిల్లలకు ఏదైనా చేయాలనుకునేవాళ్లు ముందు అడిగేది దత్తత గురించే. దత్తతతో బిడ్డ పూర్తిగా మనదవుతుంది, ఆస్తిహక్కుతో సహా. దత్తతలను చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదు, ఇంటి పరిశీలన, ఏళ్ల తరబడి ఎదురుచూపు తప్పవు. 2022 నుంచి చివరి ఉత్తర్వు కలెక్టరే ఇస్తున్నారు కాబట్టి కోర్టు టెన్షన్ తగ్గింది.

అయితే మన కరువు పల్లెల్లో నాన్న పోయినా అమ్మో, అవ్వో ఉన్న పిల్లలున్నారు. వాళ్లు ఉన్న ఇంట్లోనే ఉండి చదువుకోవాలి. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద అర్హులకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. 1969లో ఇక్కడే మొదలైన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ కూడా స్పాన్సర్ల సాయంతోనే ఎంతోమందిని చదివించింది.

కేవలం పేదరికం వల్ల తల్లీబిడ్డలను విడదీయడం అన్యాయం. బిడ్డ కోసం తపించేవాళ్లు దత్తతకే వెళ్లాలి. సాయం చేయాలనుకుంటే మాత్రం చదువు ఖర్చు భరించండి, పదో తరగతితో ఆపేయకండి.