అమ్మ మంచం పక్కన మూడు గడుల నోటుబుక్కు: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

అల్జీమర్స్ ఉన్న అమ్మను హైదరాబాద్ శివార్లలోని ఒక సంరక్షణ కేంద్రంలో చేర్చి మూడేళ్లయింది. ఆరు నెలలకే ఆయాల మీద చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టింది. ఎన్నడూ ఎవరినీ గట్టిగా కసరని మనిషి! అప్పుడు ఒక వైద్యురాలు చెప్పిన పద్ధతి ఇది. నోటుబుక్కులో మూడు గడులు గీయాలి. ముందు ఏం జరిగింది, అమ్మ ఏం చేసింది, తర్వాత ఏమైంది. అంతే.

మొదటి నెల ఎందుకూ పనికిరాలేదు. "గొడవ చేశారు", "మాట వినలేదు" అని రాసేవారు. కళ్లతో చూసింది మాత్రమే రాయండి, టైము వేయండి అని ఆయాలను బతిమాలుకున్నాను. తర్వాత ఇలాంటివి కనిపించాయి: "ఉదయం 7:10. షవర్ తిప్పాను. తల మీద నీళ్లు పడగానే కొట్టారు." లెక్కపెడితే పదకొండు. కొట్టిన రోజులన్నీ తల తడిసిన రోజులే. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మకు తలంటు శుక్రవారమే, మిగతా రోజుల్లో చెంబుతో ఒంటికి స్నానం. పై నుంచి ఉన్నట్టుండి నీళ్లు పడితే హడలిపోయేది. బకెట్టు, చెంబు కొనిచ్చాను. చెంబు ఆమె చేతికే ఇచ్చి ముందు పాదాల మీద పోసుకోనిచ్చారు. కొట్టడం దాదాపు ఆగిపోయింది. అన్నాళ్లూ మేమందరం దాన్ని కోపమనుకున్నాం.

నిరుడు వేసవిలో ఈ పుస్తకమే అమ్మను కాపాడింది. రెండు రోజుల్లో మనిషి మారిపోయింది. పగలంతా మగత, రాత్రంతా ఎదురుగా లేని మనుషులతో మాటలు. జబ్బు ముదిరింది, నెమ్మదించే మాత్ర మొదలుపెడదాం అన్నారు కేంద్రంవాళ్లు. పేజీలు తిప్పితే సోమవారం వరకు మామూలుగానే ఉంది. అల్జీమర్స్ నెలల మీద ముదురుతుంది. గంటల్లో, రోజుల్లో వచ్చిన మార్పుకు ఒంట్లో కారణం వెతకాలి: ఇన్ఫెక్షన్, నొప్పి, మలబద్ధకం, నీళ్లు చాలకపోవడం, కొత్త మందు. పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. చికిత్స జరిగిన పది రోజులకు తేరుకుంది. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్న వృద్ధులకు కొన్ని మానసిక వ్యాధుల మందులు ఇస్తే మరణ ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. అందుకే పరీక్ష కాకుండా మాత్ర వద్దని పట్టుబట్టాను.

లోపాలూ ఉన్నాయి. రాత్రి పూట గడులు ఖాళీగానే ఉంటాయి. ఒక ఆయాకు రాయడం రాదు, ఆమె ఫోనులో చెబితే నేను రాస్తాను. వారానికి ఒక్కసారైనా కూర్చుని చదివేవాళ్లు లేకపోతే ఈ పుస్తకం దండగ.

సాయంత్రాలు మాత్రం దీనికీ పూర్తిగా అంతుపట్టలేదు. ఐదు కాగానే అమ్మ తలుపు దగ్గరికి వెళ్లి "పాలు తోడు పెట్టలేదు" అంటుంది. చీకటి పడకముందే దీపాలు వేయించాను, పగటి నిద్ర తగ్గించాను. కొన్ని రోజులు పనిచేశాయి, కొన్ని రోజులు లేదు. ఆ వేళకు నేను వెళ్లగలిగితే గోరువెచ్చని పాలు, కాస్త పెరుగు ముందు పెడతాను. వేలు ముంచి వేడి చూసి, చెంచాడు పెరుగు కలిపి, మూత పెట్టి వచ్చి కూర్చుంటుంది.